సిగ్నల్ "లేదు" అనాలా, "అందట్లేదు" అనాలా?

సందేహం: మేం న్యూజెర్సీలో ఉంటాం, మాది కేబుల్ ఇంటర్నెట్. వారం నుంచి వీడియో కాల్ మధ్యలో ఆగిపోతోంది. మోడెమ్ పేజీలో డౌన్‌స్ట్రీమ్ (ఇంటికి వచ్చే సిగ్నల్) పవర్ మైనస్ 12 అని, అప్‌స్ట్రీమ్ (ఇంటినుంచి పంపేది) 52 అని ఉంది. విజయవాడలో నాన్నకి "పవర్ మైనస్‌లోకి పోయింది, సిగ్నల్ లేదు" అని చెప్తే, "మన ఫైబర్ బాక్సులో మైనస్ 20 ఉన్నా బ్రహ్మాండంగా వస్తోందిగా" అన్నారు. నేనన్నది తప్పా?

సమాధానం: "లేదు" అనడం తప్పేనమ్మా. మనకి మైనస్ అంటే లోపం, "వాడికి అదొక్కటే మైనస్" అంటాం కదా, పైగా బళ్ళో ఋణ సంఖ్య అని నేర్పారు, ఋణమంటే అప్పు, అందుకని మైనస్ చూడగానే ఏమీ లేకపోగా ఇంకా బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ కళ్ళజోడు పవర్ మైనస్ 2 అంటే చూపు లేదని అనుకోం కదా, ఇదీ అంతే. మీ మోడెమ్ లెక్కలో సున్నా అంటే 1 మిల్లీవోల్టు. అక్కడినుంచి 6 డెసిబెల్ (ఆ అంకెల కొలత పేరు) తగ్గితే సగం, ఇంకో 6 తగ్గితే పావు. అంటే మీకు పావు మిల్లీవోల్టు వస్తోంది. ఉన్నదాన్ని లేదనకూడదు, "సిగ్నల్ సరిగ్గా అందట్లేదు" అనాలి. అందడం అనే మాటలో అవతల పంపేవాడున్నాడు, మధ్యలో దూరం ఉంది, ఇవతల చెయ్యి చాపినవాడున్నాడు, ఇంత సరైన మాట ఉండగా వేరే మాటెందుకు?

నాన్నగారిది వేరే కొలత. ఫైబర్‌లో 1 మిల్లీవాట్ వెలుగుతో పోల్చి లెక్కేస్తారు, అక్కడ మైనస్ 20 మంచి అంకె. ఆయనది తులాల లెక్క, మీది గజాల లెక్క, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకూడదు. మీ కేబుల్‌కి మైనస్ 15 దాకా పనిచెయ్యాలనే ఉంది గానీ మైనస్ 7, ప్లస్ 7 మధ్య ఉంటేనే నిశ్చింత.

ఇక "పవర్" అనే మాట. మన ఇళ్ళల్లో పవర్ పోయిందంటే కరెంటు పోయిందనే, అందుకని నేనైతే వచ్చేదాన్ని "అందే సిగ్నల్" అనీ పోయేదాన్ని "పంపే పవర్" అనీ విడదీస్తా, ఎందుకంటే రెండో దాంట్లో అంకె పెరగడం మంచిది కాదు. 52 అంటే మీ మాట అవతలికి సరిగ్గా వినపడక మోడెమ్ గొంతు చించుకుంటోందని, మామూలుగా 35 నుంచి 50 లోపుండాలి. అటూ ఇటూ రెండూ దెబ్బతిన్నాయంటే దారిలోనే ఎక్కడో కారిపోతోంది.

టెక్నీషియన్‌కి కూడా "పోయింది" అనకండి, పోయిందంటే ఇక రానట్టే వినపడుతుంది, "వచ్చి పోతోంది" అనండి, అప్పుడే వదులైన కనెక్టర్ మీదికి అతని చూపు పోతుంది. ఈలోగా టీవీ వెనక స్ప్లిటర్, అంటే ఒక వైరుని రెండుగా చీల్చే చిన్న పెట్టె, ఉందేమో చూడండి, రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటే 3.5 డెసిబెల్ దాకా తినేస్తుంది, దాన్ని తీసేసి వైరు నేరుగా మోడెమ్‌కి బిగిస్తే మైనస్ 12 కాస్తా మైనస్ 8, 9 దగ్గరికొస్తుంది, 52 కూడా దిగుతుంది.