గాజు అంటే చాలదు, ఏ సైజు గాజో చెప్పు

విజయనగరం

తమ్ముడికి,

నరసన్నపేట నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. పారేసే వస్తువులతో బుల్లి పల్లెటూరు కట్టడం గురించి రాయాలనుకోవడం మంచి ఆలోచన. కానీ మొదటి పేజీలోనే "ఒక పాత గాజుతో బండి చక్రం చేసుకోవచ్చు" అని ఒక్క ముక్క చెప్పేసి, ఆ తర్వాతి వాక్యంలో నూతి గట్టు మీదికి వెళ్లిపోయావు. చదివే మనిషి గాజు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోతాడు. ఏ గాజు? మట్టి గాజా, ప్లాస్టిక్ గాజా? ఏ సైజు?

నువ్వు రాయాల్సింది ఇది. 2-4 గాజు లోపలి అడ్డకొలత రెండుంపావు అంగుళాలు. 1:24 స్కేలులో, అంటే అసలు వస్తువులో ఇరవైనాలుగో వంతుగా చేసే బొమ్మలో, దాన్ని 24తో హెచ్చవేస్తే 54 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగులు. ఎడ్లబండి చక్రానికి సరిపోయే ఎత్తే. అదే గాజు 1:12లో పెడితే 27 అంగుళాలే అవుతుంది, అప్పుడది ఎడ్లు లాగే బండి కాదు, ఇస్త్రీ బండి. వస్తువు ఒకటే, స్కేలు మారితే పేరే మారిపోతుంది. అందుకని గాజు గురించి చెప్పే ముందే స్కేలు చెప్పెయ్యి. 1:12 అంటే అడుగుకి అంగుళం, 1:24 అంటే అడుగుకి అర అంగుళం. అయిదడుగుల ఆరంగుళాల మనిషి మొదటిదాంట్లో అయిదున్నర అంగుళాలు, రెండోదాంట్లో రెండుముప్పావు. అట్టముక్క మీద ఆ మనిషి ఆకారం కత్తిరించి పక్కన పెట్టుకోమను. కుర్చీ చేసినా గుమ్మం చేసినా ఆ అట్టమనిషి పక్కన నిలబెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

బొమ్మల కొలువుకి ఈ గొడవ లేదు. మరపాచి బొమ్మ పక్కన ప్లాస్టిక్ ఏనుగు, దాని పక్కన అంతకంటే పెద్ద లక్కపిడతలు పెట్టినా ఎవరూ అడగరు, అడక్కూడదు కూడా. డయోరమా, అంటే అన్నీ ఒకే స్కేలులో చేసి పేర్చిన బుల్లి దృశ్యం, అలా కాదు. అందులో ఒక్క వస్తువు స్కేలు తప్పినా మొత్తం ఊరంతా బొమ్మల దుకాణమైపోతుంది. నీ వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయాయి.

స్కేలు ఎంచుకోడానికి, నువ్వు చూపించబోయే వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ముందు కొలుచుకో. చివర్లో పైడితల్లి సిరిమాను, అంటే జాతరలో పూజారిని కొస మీద కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, కూడా పెడతానన్నావు కదా. సిరిమాను 60 అడుగులనుకుంటే 1:12లో అయిదడుగులు, ఇంట్లో ఏ బల్ల మీదా ఇమడదు. 1:24లో 30 అంగుళాలు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వైపు వెళ్లే వీధిలో వంద అడుగుల ముక్క తీసుకున్నా 50 అంగుళాలవుతుంది. కాబట్టి వీధి చూపిస్తే 1:24, ఒక్క గది చూపిస్తే 1:12. రెండూ ఒకే పెట్టెలో పెట్టమని మాత్రం రాయకు.

ఇప్పుడు చక్రం. దీన్ని నువ్వు కనీసం ఒక పేజీ రాయాలి, ఎందుకంటే ఇది వచ్చినవాడికి మిగతావి సగం వచ్చేసినట్టే. గుండ్రటి కడ్డీలాంటి గాజు వద్దు, ఆకులు (చక్రం మధ్య నుంచి అంచు దాకా ఉండే పుల్లలు) దాని లోపలి అంచు మీద నిలవకుండా జారతాయి. లోపల చదునుగా, 4 మిల్లీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ గాజు తీసుకోమను. చక్రం మధ్య కుండకి 10 మిల్లీమీటర్ల పొడవు పెన్సిల్ ముక్క. ఆరు పలకల పెన్సిలే కావాలి, గుండ్రటిది కాదు. ఆ ఆరు పలకలే చక్రాన్ని సమంగా పంచి పెడతాయి. ఆకులకి అగ్గిపుల్లలు, మందు తల తీసేసి 25 మిల్లీమీటర్లకి కోసినవి, చక్రానికి పన్నెండు. అగ్గిపుల్ల మందం 2 మిల్లీమీటర్లు, 24తో హెచ్చవేస్తే దాదాపు రెండంగుళాలు, బండి ఆకుకి అంతే ఉండాలి. ఇలాంటి లెక్క ఒకటి చూపిస్తే నువ్వు ఆ వస్తువుని ఎందుకు ఎంచుకున్నావో పాఠకుడికి అర్థమవుతుంది. రేపు అగ్గిపుల్ల దొరక్కపోతే అంత మందమున్న ఇంకో పుల్ల తనే వెతుక్కుంటాడు.

కాగితం మీద వలయం గీసి, 30 డిగ్రీలకొకటి చొప్పున పన్నెండు గీతలు గీసి, పైన పాలిథిన్ కవరు పరవాలి. లేకపోతే చక్రం కాగితానికి అంటుకుని దాంతోపాటే లేస్తుంది. గాజు లోపలి అంచుని 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, సన్నటి కాగితం పట్టీ ఫెవిక్విక్‌తో అంటించాలి. ఫెవికాల్ నున్నటి ప్లాస్టిక్‌ని పట్టుకోదు, కాగితాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టీ మీదే ఫెవికాల్‌తో పుల్లలు నిలబెట్టాలి. ముందు ఆరు పలకల మీద ఆరు పుల్లలు, ఎదురెదురు జతలుగా. అవి ఆరాక, పలకల అంచుల మీద మిగతా ఆరు. ఈ రెండో ఆరింటి కుండ వైపు కొసని చీలలా సన్నగా చెక్కాలి, లేకపోతే పట్టవు. ఒక పక్క నుంచి వరసగా అంటించుకుంటూ పోతే ఒక్కో పుల్లలోని వెంట్రుకవాసి తేడా పోగవుతుంది, కుండ పక్కకి జరుగుతుంది, బండి కుంటుతుంది. ఇరుసుకి పన్నుపుల్ల (టూత్‌పిక్). పెన్సిల్ ముక్కలోని నల్లటి ములుకుని రెండు వైపుల నుంచీ సూదితో పొడి చేసి తీసేస్తే ఆ రంధ్రం సరిగ్గా సరిపోతుంది.

నీ వ్యాసంలో "కొంచెం జిగురు" అని తొమ్మిది చోట్ల ఉంది. కొంచెం అంటే ఎంత? మన వంటింట్లో కొలతలు లేవా? ఆవగింజంత, పెసరగింజంత, మినపగింజంత. అగ్గిపుల్ల కొసకి ఆవగింజంత ఫెవికాల్ చాలు, పెసరగింజంత పెడితే చక్రంలోకి కారి, ఎండాక రంగు పట్టని మరకగా మిగులుతుంది. ఏ జిగురు దేన్ని పాడు చేస్తుందో కూడా రాయి. ఫెవిక్విక్ థర్మకోల్‌ని తినేస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ పక్కన వాడితే తెల్లటి పొగమంచు పడుతుంది. మైదా ఉడికించిన జిగురుకి బొద్దింకలు వస్తాయి. మన తీరప్రాంతంలో వానాకాలం ఫెవికాల్ రాత్రంతా ఆరబెట్టినా మెత్తగానే ఉంటుంది, పక్కరోజు కూడా వదిలెయ్యమను. అట్టకి ఒక్క వైపే రంగు వేస్తే ఆరేటప్పుడు ఆ వైపుకి వంగిపోతుంది, వెనక కూడా ఒక పూత పడాలి.

నులక మంచం భాగంలో నువ్వు గోనెసంచి దారం వాడమన్నావు. పొరపాటు. అంగట్లో దొరికే జనపనార పురి 2 మిల్లీమీటర్లుంటుంది. 1:12లో అది 24 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం లావు మోకు. అసలు నులక 6, 7 మిల్లీమీటర్లు మించదు. కాబట్టి బొమ్మలో అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉండాలి. ఆ పురిని విప్పి ఒక్క పోగు తియ్యాలి, అదీ నారలు లేచిపోతుంటే తడి చేత్తో ఇంకోసారి పురి పెట్టాలి. లేదా లావు నూలు దారాన్ని చిక్కటి టీ డికాక్షన్‌లో అరగంట ఉంచితే నులక రంగు వస్తుంది. పట్టెలు 6 అంగుళాలు, అడ్డకర్రలు 3 అంగుళాలు, కోళ్లు ఒకటిన్నర. కోళ్లకి మళ్లీ పెన్సిలే, పైన రంగు గీకేసి.

పక్క బట్టకి ఏ గుడ్డ పడితే ఆ గుడ్డ చెప్పకు. చిన్న ముక్కకి బరువు ఉండదు, కర్రలా లేచి నిలబడుతుంది. పొందూరు సన్న ఖద్దరు పాతది, నాలుగైదుసార్లు ఉతికినది దొరికితే అంతకంటే మంచిది లేదు. ఒక పాలు ఫెవికాల్, రెండు పాళ్ల నీళ్లలో ముంచి, మంచం మీద పరిచి, మడతలు వేలితో దిద్ది వదిలెయ్యాలి.

మువ్వలతో చెంబులు చేయొచ్చన్నది నీ వ్యాసంలో అన్నిటికన్నా మంచి ఆలోచన, కానీ చివర్లో దాచేశావు. ముందుకి తీసుకురా. 12 మిల్లీమీటర్ల ఇత్తడి మువ్వ 1:12లో అయిదున్నర అంగుళాలు దాటుతుంది, చెంబు కొలతే. కొక్కెం కోసేసి, చీలిక కిందకి పెట్టి, మెడకి టిచ్ బటన్ ఒక ముక్క అంటిస్తే చాలు. లోపల గుండు చప్పుడు చేయకుండా ఒక చుక్క జిగురు వెయ్యాలి. అసలు ఇత్తడి కనక బంగారు రంగు పులమక్కర్లేదు. ఆ డబ్బా రంగు వేసిందేదైనా బొమ్మే అనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి చెంబు ఒకటి ఎదురుగా పెట్టుకుని చూడు, వాడిన ఇత్తడికి ఉబ్బు మీద మెరుపు, మూలల్లో నలుపు. పల్చటి గోధుమ రంగు పూసి వెంటనే గుడ్డతో తుడిచేస్తే ఆ రంగు మూలల్లోనే మిగులుతుంది.

సోడా మూతతో కంచం అన్నావు. దాని అంచుకి 21 పళ్లుంటాయి, అవి ఉన్నంతసేపూ అది సోడా మూతే. పళ్లన్నీ సుత్తితో అణగ్గొట్టాలి, లేదా ఆ మాటే తీసెయ్యి.

సిరిమాను ముందు నడిచే బెస్తవారి వలకి నువ్వు వెల్లుల్లి సంచి చెప్పావు. దాని కన్ను 6 మిల్లీమీటర్లనుకున్నా 1:24లో అది దాదాపు ఆరంగుళాలు, చేపలన్నీ బయటికే పోతాయి. దోమతెర ముక్క తీసుకో, కన్ను ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్లు, లెక్క సరిపోతుంది. మానుకి ఎండు కొమ్మ తీసుకుని రెండు వారాలు నీడలో ఆరనివ్వాలి, పచ్చిది తర్వాత చీలుతుంది. ఎత్తిన కొస బరువుకి బండి ఒరిగిపోకుండా, రెండో కొస వైపు బండి పీట కింద ఇనుప నట్టు ఒకటి దాచమను. ఎంత బరువో ముందుగా చెప్పలేం, కొస నిలిచేదాకా ఒక్కొక్కటే వేసుకోవాలి.

బండికి కాడి దేనితో చేశావో వ్యాసంలో ఎక్కడా లేదు. అది కొలిచి, రాసి, రెండో ప్రతి పంపు.

ఇట్లు
అన్నయ్య