జేమ్స్ బాండ్ మొదటి నవల ‘డాక్టర్ నో’ కాదా?

కాదు, మొదటిది 1953లో వచ్చిన ‘క్యాసినో రాయల్’. ఇయాన్ ఫ్లెమింగ్ నవలల్లో ‘డాక్టర్ నో’ ఆరోది, 1958 నాటిది. తికమకంతా సినిమాల వల్లే. ‘క్యాసినో రాయల్’ సినిమా హక్కులు అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండటంతో, 1962లో బాండ్ సినిమాలు మొదలుపెట్టిన నిర్మాతలు ‘డాక్టర్ నో’తో శ్రీకారం చుట్టారు.

2006 నాటి ‘క్యాసినో రాయల్’ చూసి నవల కూడా ఆ మధ్య వచ్చిందే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ సినిమాలో ఆడే పేకాట పోకర్. నవలలో మాత్రం బాకరా అనే మరో పేకాట. బాండ్ డబ్బంతా పోగొట్టుకుని కూర్చుంటే, సీఐఏ మనిషి ఫెలిక్స్ లైటర్ గుట్టుగా ఓ కవర్ అందిస్తాడు. లోపల 3.2 కోట్ల ఫ్రాంకులు (అప్పటి ఫ్రాన్స్ పాత కరెన్సీ లెండి). ఆట మళ్లీ మొదలవుతుంది.