చేపలు పట్టడానికి నీటి లోపల పెట్టే కెమెరా నిజంగా పనికొస్తుందా, శబ్ద తరంగాలతో చేపల జాడ చూపే సోనార్ ఉంటే చాలదా?

నీళ్లు తేటగా ఉంటే చాలా బాగా పనికొస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం సరస్సులు గడ్డకట్టాక మంచుకు బెజ్జం చేసి గాలం వేస్తారు. కెమెరాకి అసలైన చోటు అదే. పైన మంచు కప్పేయడంతో అలలు రేగవు, నాచు తగ్గుతుంది, నీళ్లు తేరుకుంటాయి.

సోనార్ తెర మీద చేప ఒక గీతలా కనిపిస్తుంది, అంతే. అది అక్కడి సరస్సుల్లో దొరికే వాల్ఐ చేపో, పెర్చ్ చేపో దాన్నిబట్టి చెప్పడం కష్టం. కెమెరాలో అయితే పెర్చ్ ఎర దాకా వచ్చి, రెక్కలాడిస్తూ ఆగి, ఎరను నోట్లోకి పీల్చి, క్షణంలో ఉమ్మేయడం కళ్లారా చూస్తాం. అప్పుడు చాలాసార్లు గాలం కర్ర కొన కూడా కదలదు. పైన కూర్చున్నవాళ్లు మాత్రం ఇక్కడ చేపలే లేవనుకుని లేచిపోతారు! కెమెరా కొనడానికి ఈ ఒక్క కారణం చాలంటాను.

బురద నీళ్లలో మాత్రం మూరెడు దూరం కూడా కనపడదు. తెల్ల లైటు వేస్తే నీటిలో తేలే రేణువులే మెరిసి తెరంతా పొగమంచులా అయిపోతుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు వేసినా, దాన్ని నీరు త్వరగా పీల్చేసుకుంటుంది కాబట్టి దగ్గరివే కనిపిస్తాయి. అందుకే వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీళ్లలో వాడదామని దీనికి డబ్బు పెట్టకండి. అక్కడ సోనారే నయం.

కెమెరాను గాలం వేసిన బెజ్జంలోనే దించొద్దు. రెండు మూడడుగుల పక్కన ఇంకో బెజ్జం చేయండి. లేకపోతే చేప తగలగానే దారం వెళ్లి కెమెరా కేబుల్‌కి చుట్టుకుంటుంది. బ్యాటరీ కూడా చలికి త్వరగా దిగిపోతుంది, దాన్ని వెచ్చగా ఉంచండి.