‘ఇంక’ నాణెం కొని దాచుకోవచ్చా?

మీరు అడిగింది ‘ఇంక’ అనే మారుపేరున్న అమ్మాయి బొమ్మతో పోలండ్ వేసిన 10 జ్లోటీల (జ్లోటీ అంటే అక్కడి డబ్బు) వెండి నాణెం కొని దాచుకుంటే రేటు పెరుగుతుందా అని కదా. రేటు కోసమే అయితే వద్దు. నేను పోలండ్‌లోని గ్దాన్స్క్ నగరంలో ఉద్యోగం చేసేటప్పుడు ఒకటి కొన్నాను, అమ్మే ఉద్దేశం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కూడా తుపాకీ దించకుండా, సోవియట్ల అండతో వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వంతో పోరాడినవాళ్ల పేరు మీద పోలండ్ జాతీయ బ్యాంకు 2017 నుంచి ఈ నాణేలు వేసింది. 925 వెండి (అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి), 14.14 గ్రాములు. చట్టప్రకారం చెల్లుతుంది గానీ అందులోని వెండే 10 జ్లోటీల కంటే చాలా ఎక్కువ చేస్తుంది కాబట్టి దాంతో ఎవరూ సరుకులు కొనరు.

‘ఇంక’ అసలు పేరు దనూతా షెజికూవ్నా, అలా పోరాడిన ఒక దళంలో నర్సు. 1946 ఆగస్టు 28న, పద్దెనిమిదేళ్లు నిండటానికి ఆరు రోజుల ముందు, గ్దాన్స్క్ జైల్లో కాల్చి చంపారు. ‘నేను ఉండాల్సినట్టే ఉన్నానని అమ్మమ్మకి చెప్పండి’ అని జైలు నుంచి కబురు పంపింది. అవశేషాలు 2014లో గానీ దొరకలేదు, సరిగ్గా 70 ఏళ్లకి, 2016లో అదే తేదీన ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. ఆ సమాధి దగ్గరికి వెళ్లొచ్చాకే నేను నాణెం కొన్నాను.

మాది నల్గొండ జిల్లా. అవే ఏళ్లలో మా వైపు తుపాకీ పట్టింది కమ్యూనిస్టులు, మా తాత వాళ్లని దేవుళ్లలా తలుచుకునేవాడు, అందుకే కమ్యూనిస్టు ప్రభుత్వం చంపిన పిల్ల బొమ్మ చేతిలోకి వచ్చినప్పుడు ఏమనుకోవాలో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తాత చెప్పిందీ, ఈ పిల్ల కథా, రెండూ నిజమే అనిపిస్తోంది. అలాగని పోలండ్‌లో జరిగిన ఈ పోరాటంలో ఉన్నవాళ్లందరూ మచ్చలేనివాళ్లు కాదు. ‘ఇంక’ పనిచేసిన దళంవాళ్లే, ఆమె చేరకముందు, 1944 జూన్‌లో దుబింగ్యాయ్ అనే ఊళ్లో లిథువేనియా పౌరులని చంపారు. అది కూడా తెలుసుకునే కొనండి.

కొంటే మాత్రం ప్లాస్టిక్ డబ్బీ తెరవకండి. వేలిముద్ర పడిందని నేను మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచాను, అద్దంలా మెరిసే భాగం మీద సన్న గీతలు పడ్డాయి, అవి ఇక పోవు.