పొడుగు ఇంగ్లీషు పదానికి రెండు కోతలు

హన్మకొండ నుంచి ఈ మధ్యే అమెరికా వచ్చిన ఒక చెల్లె అడిగింది: "అన్నా, ఆఫీసులో బాగానే మాట్లాడుతున్న. దవాఖానకు పోతే మాత్రం ఆ పొడుగు పదాలకు నోరు తిరగదు, చదివితే అర్థం కాదు. ఎట్ల?"

చెల్లె, ముందు మన ఊరి పేరే చూడు. ఓరుగల్లు. పలికేటప్పుడు ఓ-రు-గల్-లు, నాలుగు ముక్కలు. అర్థానికి విడదీస్తే రెండే: ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. పెళ్లిలో తొక్కే సన్నికల్లులో ఉన్న కల్లే అది. అందుకే ఏకశిలానగరం అన్నారు. ఇంగ్లీషు పదానికీ ఇట్లాగే నోటి కోత ఒకటి, అర్థం కోత ఒకటి. రెండూ ఒకే చోట పడవు, మనవాళ్లు తికమకపడేది అక్కడే.

గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ను తీసుకో. గ్యాస్ట్రో కడుపు, ఎంటరో పేగు, లాజిస్ట్ ఆ శాస్త్రం తెలిసిన మనిషి. నోటికి మాత్రం ఏడు ముక్కలు: గ్యాస్-ట్రో-ఎన్-టె-రాల్-అ-జిస్ట్. ఎంటరోలోని 'రో', లాజిస్ట్‌లోని 'ల' అతుక్కుని 'రాల్' అయ్యాయి. గట్టిగా ఒత్తాల్సింది కూడా ఆ ముక్కనే. కార్డియాలజిస్ట్‌లో 'ఆల్', డెర్మటాలజిస్ట్‌లో 'టాల్'. ఆ తోక ఉన్న పదాలన్నిటికీ ఇదే పద్ధతి. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం, ఇక్కడివాళ్లు ఒకదాన్ని ఒత్తి మిగతావి తేల్చేస్తారు. ఒత్తు తప్పిందంటే మళ్లీ చెప్పమంటారు. డిక్షనరీలో ఒత్తే ముక్కకు ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, అది చూడు.

అర్థం కోత ఇంకా ముఖ్యం. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు దవాఖాన ఫారంలో హైపర్‌టెన్షన్ అని రాయాల్సిన చోట హైపోటెన్షన్ అని రాశాను. అమ్మ చేతిలోని గోలీల షీటు చూసి నర్సు ఆగిపోయింది. "ఈమెకు బీపీ ఎక్కువా, తక్కువా?" అని రెండుసార్లు అడిగింది. నా గుండె జారిపోయింది. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ఆ రోజు నుంచి ఇట్ల గుర్తు పెట్టుకున్నాను: గ్రీకు హైపర్, మన 'ఉపరి' ఒకే మూలానివి, ఉపరితలం అంటే పైభాగం. హైపో, మన 'ఉప' కూడా అంతే, ఉపముఖ్యమంత్రి అంటే ముఖ్యమంత్రి కింద. థైరాయిడ్ రిపోర్టులోనూ ఈ రెండే తారసపడతాయి.

'అన్' కూడా మనకు కొత్త కాదు. అనారోగ్యంలో ఆరోగ్యం లేదన్నట్టే, అనీమియాలో రక్తం లేదని, అనస్థీషియాలో స్పర్శ లేదని అర్థం.

అపాయింట్‌మెంటుకు పోయే ముందు రాత్రి ఆ పదాన్ని కాగితం మీద పెద్దగా రాయి. పైన ఒక రంగు పెన్నుతో అర్థం కోతలు, కింద ఇంకో రంగుతో నోటి కోతలు గీయి. ఒత్తే ముక్కకు సున్న చుట్టి, పదిసార్లు పైకి చదువు.