సీసాలో ఈగలు పెంచే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది ఉలవపాడు. మామిడి తోట మీదే బతుకుతున్నాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలోకి వచ్చింది. నీట్ కోచింగ్‌కు డబ్బు కడదామంటే వద్దంటోంది. సెలవుల్లో గాజు సీసాల్లో ఈగలు పెంచి, ఎన్ని గుడ్లు పెట్టాయో, ఎన్ని చచ్చాయో రోజూ నోటుబుక్కులో రాస్తోంది. వయసు మీరిన ఈగలకు గుడ్లు ఎందుకు తగ్గుతాయో తెలుసుకుంటానని, ఐసర్‌లో (సైన్సు చదువు, పరిశోధనల కోసం కేంద్రం నడిపే సంస్థ) చేరతానని పట్టు పడుతోంది. బంధువులు నవ్వుతున్నారు. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? పీహెచ్‌డీ అయ్యేసరికి 28 ఏళ్లు వస్తాయి. పెళ్లి మాటేమిటి?

జవాబు: నమస్కారమండీ. రోజూ నోటుబుక్కులో రాస్తోందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరూ చెప్పకుండా, మార్కులు రావని తెలిసీ, పదిహేడేళ్ల పిల్ల చచ్చిన ఈగలను లెక్కపెట్టి రాయడం నేను ఎక్కువగా చూడలేదు. పరిశోధనలో తొంభై పాళ్లు పని అదే.

మీ తోటలో కాయను పొడిచి గుడ్లు పెట్టే పండు ఈగ వేరు, ఆమె సీసాలో ఉన్నది వేరు. మొదటిదాని కోసం మీరు మగ ఈగలను రప్పించే మిథైల్ యూజినాల్ మందుతో ఎరలు కడతారు. రెండోది డ్రోసోఫిలా. నువ్వుగింజంత ఉంటుంది, ఎర్రటి కళ్లు. మిగల పండిన పండు పులిస్తే అందులో పెరిగే ఈస్ట్ దాని ఆహారం. 25 డిగ్రీల వేడిలో 10 రోజులకు గుడ్డు ఈగవుతుంది, తర్వాత రెండు మూడు నెలలు బతుకుతుంది. మనిషి ముసలితనం చూడాలంటే ఒక జీవితకాలం పడుతుంది, ఈగ ముసలితనం ఒక సెమిస్టర్‌లో కళ్లముందు జరిగిపోతుంది. సీసాను బల్ల మీద తట్టి చూడండి. లేత ఈగలు గోడ పట్టుకుని చరచరా పైకెక్కుతాయి. నలభై రోజుల ఈగలు చాలావరకు అడుగునే తచ్చాడుతుంటాయి.

ఆమె అడిగే ప్రశ్న చాలా పెద్దది. 1984లో మైకేల్ రోజ్ అనే శాస్త్రవేత్త వయసు మీరిన ఈగలు పెట్టిన గుడ్లను మాత్రమే ఏరి తరతరాలుగా పెంచిన ఫలితాలు ప్రచురించారు. ఆ వంశంలో ఈగల ఆయుష్షు పెరిగింది. కానీ వయసులో ఉన్నప్పుడు అవి పెట్టే గుడ్లు తగ్గాయి. తొలినాళ్లలో సంతానానికి మేలు చేసే జన్యువులే చివర్లో ఆయుష్షును తినేస్తాయని 1957లో జార్జి విలియమ్స్ చెప్పిన మాటకు ఇది గట్టి దన్ను. మగ ఈగలకు కూడా ఇందులో ఖర్చు ఉంది. జతకట్టే అవకాశం ఎక్కువగా దొరికిన మగవి త్వరగా చనిపోతాయని 1981లోనే తేలింది. ఆడ ఈగ విషయంలో, మగ ఈగ వీర్యద్రవంలోని ప్రోటీన్లు గుడ్లను పెంచుతూనే దాని ఆయుష్షును తగ్గిస్తాయని 1995లో చూపించారు.

గుడ్లు పెరిగితే ఒంట్లో సత్తువ తగ్గడం మీ జిల్లా తీరానికి కొత్త సంగతి కాదు. రొయ్యల హేచరీలో పనిచేసినవారిని అడగండి. తల్లి రొయ్యకు ఒక కంటికాడ (కన్ను నిలిచి ఉండే కాడ) తీసేస్తే త్వరగా గుడ్లకు వస్తుంది, ఎందుకంటే గుడ్లను అడ్డుకునే హార్మోను ఆ కాడలో ఉంటుంది. అలా తరచుగా గుడ్లు పెట్టిన తల్లి త్వరగా నీరసిస్తుంది. లక్షల రూపాయల వ్యాపారం నడిచేది ఈ లెక్క మీదే. నవ్వే బంధువులకు ఇది చెప్పండి.

ఇక దారి సంగతి. తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గర ఉంది, గూడూరు నుంచి రేణిగుంట వెళ్లే రైలు మార్గంలోనే. డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ల బిఎస్-ఎంఎస్ కోర్సుకు ఐసర్ ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో 60 ప్రశ్నలు: జీవశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం, ఒక్కోదానికి 15. బైపీసీ పిల్లలు తడబడేది గణితం దగ్గరే. నీట్ కోచింగ్‌కు దాచిన డబ్బులో కొంత తీసి, ఊళ్లోనో ఒంగోలులోనో మంచి లెక్కల మాస్టారిని పెట్టండి. మిగతా మూడూ నీట్‌కు చదివేవే కాబట్టి ఆ పరీక్ష కూడా రాయమనండి. లాంగ్‌టర్మ్ మాత్రం వద్దు. ఇష్టం లేని పిల్లను ఏడాది పాటు ఒక గదిలో కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు.

ఐసర్ రాకపోతే నెల్లూరులోనో ఒంగోలులోనో జంతుశాస్త్రంతో డిగ్రీ చేసి, ఎంఎస్సీకి జాతీయ ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. వ్యవసాయ డిగ్రీలో చేరి కీటకశాస్త్రం వైపు వెళ్లినా ఆమె ప్రశ్న ఆమెతోనే ఉంటుంది. పండు ఈగను అదుపు చేయడానికి వంధ్యం చేసిన, అంటే పిల్లలు పుట్టకుండా చేసిన, మగ ఈగలను వదిలే పద్ధతి ఉంది. అవి తోటలోని మగ ఈగలతో పోటీపడి ఆడవాటిని గెలిస్తేనే ఫలితం. ఎన్ని రోజుల వయసున్న మగది గట్టిగా పోటీపడుతుందో అక్కడ ఎవరో ఒకరు కూర్చుని లెక్క కట్టాలి.

డబ్బు విషయం దాచను. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఆమె ఖర్చు ఆమె పెట్టుకోగలదు, ఇంటికి పెద్దగా పంపలేదు. స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే అనుకోండి. మీకు అప్పులుండి, ఆమె జీతం కోసం ఎదురుచూసే పరిస్థితి అయితే ఆ మాట ఈ రోజే ఆమెకు చెప్పండి. తెలిసి ఎంచుకున్న పిల్ల తర్వాత కుంగిపోదు.

పెళ్లి గురించి ఒక్కమాట. ఈగల లెక్కను ఆమె వయసుకు ముడిపెట్టి ఎవరైనా మాట్లాడితే అక్కడే ఆపండి. ఆ ఫలితాలు వేల ఈగల మీద, తరాల మీద వచ్చినవి. ఒక ఆడపిల్ల ఎప్పుడు పెళ్లాడాలో వాటిలో లేదు. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవారు, బిడ్డను కన్నవారు దేశమంతటా ఉన్నారు. ముహూర్తం ఆమెను అడిగి పెట్టండి.

చివరగా అమ్మాయికి ఒక సందేశం. తల్లీ, నువ్వు లెక్క రాసింది ఎండాకాలం. 30 డిగ్రీల వేడిలో పెరిగిన డ్రోసోఫిలా మగ ఈగలు వంధ్యమవుతాయి, మే నెలలో మీ ఇంట్లో వేడి అంతకు మించే ఉంటుంది. గుడ్లు తగ్గింది, పొదగనిది వయసు వల్లా, వేడి వల్లా? రెండూ విడదీయాలంటే అన్ని సీసాలకూ ఒకే చల్లదనం ఉండాలి, ఒకే రోజున లేత ఈగలూ ముసలి ఈగలూ పక్కపక్కన ఉండాలి. మంచినీళ్ల కుండ కింద తడి ఇసుక ఉంటుంది కదా, సీసాలు అక్కడ పెట్టు. ఒక చిన్న ఉష్ణమాపకం కొని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూసి గుడ్ల లెక్క పక్కనే రాయి. సీసాలు నిలబెట్టిన పళ్లెంలో నీళ్లు పోయడం మరచిపోకు, చీమలు ఎక్కితే రెండు నెలల పని ఒక్క రాత్రిలో పోతుంది.