‘ఉండుండి’ అన్నా ‘అప్పుడప్పుడు’ అన్నా ఒకటేనా?

ఈ రెండింటికీ తేడా ఉందా అని అడిగారు. ఉంది, చాలా ఉంది. వీలు దొరికినప్పుడు సింహాచలం వెళ్లొచ్చేవాళ్లు అప్పుడప్పుడు వెళ్తారు, ఉండుండి వెళ్లరు. ఉండుండి అనాలంటే కాసేపు ఏమీ ఉండకూడదు, అంతలో ఒక్కసారిగా మీద పడాలి, మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియకూడదు. అలా ఒకేసారి జరిగితే ‘ఉన్నట్టుండి’ అంటాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి విశాఖలో ఉన్నవాళ్లకి ఈ మాట ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పట్లో మాది ఎంవీపీ కాలనీలో పై అంతస్తు. గాలి ఒకే తీరుగా వీచలేదు, ఉండుండి విసిరికొట్టింది. విసిరినప్పుడల్లా బాల్కనీ తలుపు గడియ స్క్రూలు కాస్త కాస్త బయటికొచ్చేవి. అమ్మా నేనూ తలుపుకి మంచం అడ్డంపెట్టి, దానికి వీపులు ఆనించి కూర్చున్నాం. కాస్త తెరిపి ఇవ్వగానే నాన్న స్క్రూడ్రైవర్‌తో బిగించబోయేవారు. రెండు చుట్లు తిప్పేలోపే ఇంకో విసురు. గాలి కంటే ఆ తెరిపే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. అందరం మెట్ల మీదికొచ్చి ఫోన్లలో సిగ్నల్ వెతుక్కుంటుంటే, కింది వాటా తాతగారు “లోపలికి పొండమ్మా, సగమే అయింది!” అని కేకలేశారు. తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమధ్య భాగం, మా మీదుగా వెళ్తోందని ఆయన ఒక్కరికే తట్టింది. ఆ తర్వాత గాలి అవతలి వైపు నుంచి అందుకుంది. వంటగది కిటికీ ఊడిపోయింది.

ఇప్పటికీ టీవీలో ‘గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు’ అని ఒక్క అంకె చదివి ఊరుకుంటారు. మన వాతావరణ శాఖ లెక్కలో అది 3 నిమిషాల సగటు. తలుపులు విరగ్గొట్టేది సగటు కాదు, ఆ మధ్యలో ఉండుండి వచ్చే విసురు. దాని వేగం ఇంకా ఎక్కువ. ఆ సంగతి ముందు చెప్పాలి కదా! పైగా తెరిపిచ్చి కురిసే ప్రతి వానకీ ‘అడపాదడపా’ అని రాసేస్తారు. ‘ఉండుండి’ లాంటి ఎంత మంచి మాటని మూలన పడేస్తున్నారో!

ఈ తేడా ఆసుపత్రిలోనూ అవసరమే. కడుపునొప్పని వెళ్తే డాక్టరు “ఒకటే నొప్పా, ఉండుండి వస్తోందా?” అని అడుగుతారు. మెలిపెట్టి, వదిలేసి, మళ్లీ మెలిపెడుతుంటే ‘ఉండుండి’ అనే చెప్పండి. ‘అప్పుడప్పుడు’ అంటే నెలకో రెండు నెలలకో అనుకునే ప్రమాదం ఉంది.